ఫ్లాగ్లర్ రైలు దారి వెంట కీ వెస్ట్ దాకా: నాన్నతో ఐదు రోజులు

మా నాన్న రాజమండ్రిలో రైల్వేలో పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్‌గా, అంటే రైలు పట్టాల బాగోగులు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఒర్లాండోలో ఉన్న పార్కులన్నీ తిప్పాం, అన్నిటికీ "బావుందమ్మా" అన్నారు. పెళ్ళిలో పులుసు మాడిపోయినా ఆయన అనేది ఆ మాటే కాబట్టి మాకు విషయం అర్థమైంది. ఈసారి టికెట్లు తీయకముందే ఫోన్‌లో ఒక్కటే అడిగారు: "సముద్రం మీద వందేళ్ళ నాటి రైలు వంతెన ఉందట కదా మీ ఫ్లోరిడాలో, అది చూపిస్తారా?"

సరే, వంతెన ఒక్కటే ఎందుకు, ఆ లైను వేసిన ఫ్లాగ్లర్ అనే ఆయన మొదలుపెట్టిన ఊరి నుంచి ఆఖరి స్టేషన్ కీ వెస్ట్ దాకా చూద్దాం అని మా ఆయన ప్లాన్ వేశారు. సంక్రాంతి వెళ్ళిన వారం, సోమవారం సెలవు కలిసొచ్చే లాంగ్ వీకెండ్, ఐదు రోజులు. మేమిద్దరం, ఏడేళ్ళ పాప, అమ్మ, నాన్న, ఒక రైస్ కుక్కర్, రెండు డబ్బాల అరిసెలు. ఆ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి, ముఖ్యంగా పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి, ఎక్కడ ఆగాలో ఎక్కడ ఆగక్కర్లేదో పనికొస్తుందని రాస్తున్నా. ముందే చెప్తున్నా, జనవరి అక్కడ ఫుల్ సీజన్, దానికి లాంగ్ వీకెండ్ తోడు, రూముల రేట్లు చూస్తే బీపీ వస్తుంది.

మొదటి రోజు సెయింట్ అగస్టీన్. ఒర్లాండో నుంచి కారులో రెండు గంటల లోపే. 1565లో స్పెయిన్ వాళ్ళు కట్టుకున్న ఊరు. అందరూ అక్కడి కోట కోసం వెళ్తారు, మేం మాత్రం ఒక కాలేజీ కోసం వెళ్ళాం. ఇప్పుడు ఫ్లాగ్లర్ కాలేజీగా నడుస్తున్న ఆ భవనం 1888లో పాన్స్ డి లియోన్ హోటల్‌గా తెరిచారు. కట్టించింది హెన్రీ ఫ్లాగ్లర్. పద్నాలుగేళ్ళకి ఇల్లు వదిలి ఒహాయో వెళ్ళి కొట్లో పనికి కుదిరిన పాస్టరుగారబ్బాయి. ఉప్పు వ్యాపారం పెట్టి మునిగాడు, తర్వాత రాక్‌ఫెల్లర్‌తో కలిసి 1870లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ ఐడియా మీదేనా అని అడిగితే రాక్‌ఫెల్లర్ స్వయంగా కాదు, ఫ్లాగ్లర్‌ది అని చెప్పాడట. మొదటి భార్యకి ఒంట్లో బాలేక డాక్టర్లు చెబితే చలికాలానికి ఫ్లోరిడా వచ్చాడు. ఆవిడ పోయాక, రెండో పెళ్ళి చేసుకుని మళ్ళీ ఇక్కడికే హనీమూన్‌కి వచ్చాడు. ఊరు బావుంది గానీ ఉండటానికి మంచి హోటల్ లేదు, రావడానికి మంచి రైలు లేదు అనిపించింది. మనకలా అనిపిస్తే గూగుల్‌లో రెండు స్టార్లు ఇచ్చి ఊరుకుంటాం, ఆయన హోటల్ కట్టి, రైలు కంపెనీలు కొన్నాడు.

కాలేజీ టూర్ టికెట్ తీసుకుని వెళ్ళండి, డబ్బులకి న్యాయం జరుగుతుంది. స్టూడెంట్లే తిప్పి చూపిస్తారు. డైనింగ్ హాల్లో టిఫనీ రంగు అద్దాల కిటికీలు, అది నిజంగా ఇప్పటికీ పిల్లలు భోంచేసే హాలు, మెస్‌లో ట్రే పట్టుకుని ఆ కిటికీల కింద కూర్చుంటారు. ఆ రోజుల్లోనే కరెంటు దీపాలు, ఎడిసన్ వాళ్ళ ఏర్పాటు. గోడలు రాయి కాదు, పోత పోసిన కాంక్రీటు, అందులో కోకీనా అని అక్కడ దొరికే గవ్వల రాయి కలిపారు. నాన్న గోడని అరచేత్తో రెండుసార్లు తట్టి చూశారు. గైడ్ అమ్మాయి నవ్వింది. ఎదురుగా ఉన్న ఇంకో ఫ్లాగ్లర్ హోటల్ ఇప్పుడు మ్యూజియం, టైమ్ లేకపోతే వదిలేయొచ్చు. నాలుగడుగులు వేస్తే ఫ్లాగ్లర్ సమాధి ఉన్న చర్చి వస్తుంది. 1889లో చనిపోయిన కూతురి జ్ఞాపకంగా కట్టించాడు. ప్రశాంతంగా ఉంటుంది, జనం తక్కువ.

పార్కింగ్ విషయంలో మాత్రం పాత ఊళ్ళో తిప్పలే. రోడ్డు పక్కన వెతుక్కుంటూ అరగంట పోగొట్టుకోకుండా నేరుగా ఊరి మొదట్లో ఉన్న గ్యారేజీలో పెట్టేయండి. రాత్రికి ఇంటికి తిరిగొచ్చేశాం, అక్కడ బస చేయలేదు.

రెండో రోజు రైలు. ఒర్లాండో ఎయిర్‌పోర్టు నుంచి మయామీకి 2023 సెప్టెంబరు నుంచి బ్రైట్‌లైన్ నడుస్తోంది. కోకో దాటాక దక్షిణానికి తిరిగి పరిగెత్తేది ఫ్లాగ్లర్ వేసిన ఫ్లోరిడా ఈస్ట్ కోస్ట్ రైల్వే దారిలోనే. కారులో వెళ్తే కూడా మూడున్నర నాలుగు గంటలే, ఐదుగురికి టికెట్లు కలుపుకుంటే కారే చవక. అయినా నాన్న కోసం రైలెక్కాం, ఈ ట్రిప్‌లో నేను ఒక్క డాలరు కూడా విచారించని ఖర్చు ఇదే. ప్లాట్‌ఫారం, బోగీ ఒకే ఎత్తు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, చెయ్యి పట్టుకోకుండా ఎక్కేసింది. బాత్రూములు శుభ్రం. సీట్లు ఇద్దరికీ సరిపడా వెడల్పు. ప్రీమియం టికెట్‌కి తిండి, లాంజ్ ఇస్తారు గానీ మనం శాకాహారులం అయితే అంత డబ్బుకి తినేదేమీ ఉండదు, మామూలు క్లాసే చాలు.

కోకో దాకా గంటకి 125 మైళ్ళ వేగం. నాన్న గ్లాసులో నీళ్ళు పోసి టేబుల్ మీద పెట్టి, పది నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నారు. "ట్రాక్ బాగా మెయింటెయిన్ చేస్తున్నారు" అన్నారు. ఈయన "బావుంది" అనకుండా ఒక వాక్యం మాట్లాడటం ఈ దేశంలో అదే మొదటిసారి. పాత లైన్లోకి వచ్చాక మాత్రం కిటికీకి అతుక్కుపోయి గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఊళ్ళ మధ్య నుంచి, షాపుల వెనక నుంచి, లెవెల్ క్రాసింగ్ మీద లెవెల్ క్రాసింగ్. ఈ గేట్ల దగ్గర చాలా ప్రమాదాలు జరిగాయి, జనం చనిపోయారు. "గేట్‌మేన్ ఎక్కడ?" అని అడిగారు, లేడు నాన్నా అన్నీ ఆటోమేటిక్ అంటే, "ఊ" అని ఊరుకున్నారు. ఆ ఊ ఏ ఊ అన్నది అమ్మకే తెలియాలి.

వెస్ట్ పామ్ బీచ్‌లో దిగి టాక్సీలో వంతెన దాటితే పామ్ బీచ్. అక్కడ ఫ్లాగ్లర్ ఇల్లు వైట్‌హాల్, 1902లో కట్టింది, ఇప్పుడు మ్యూజియం. సోమవారం మూసేస్తారు, చూసుకోండి. టికెట్ మనిషికి పాతిక డాలర్లు దాటింది. పాలరాతి హాలు, బంగారు పూత, పైకప్పు నిండా బొమ్మలు, 75 గదులు. నిజం చెప్పాలంటే, మనవాళ్ళు ఫలక్‌నుమా చూసినవాళ్ళయితే ఇక్కడ నోరు తెరవక్కర్లేదు. గంటలో అయిపోతుంది. కానీ వెనక అద్దాల మందిరంలో ఆయన సొంత రైలు బోగీ, 91 నంబరుది, నిలబెట్టారు. అది మాత్రం వదలకండి. 1886 నాటి చెక్క పని. పాప అందులో మంచం, స్నానాల గది చూసి "తాతగారూ, మీకు కూడా ఇలాంటి బోగీ ఇచ్చారా?" అంది. "నాకు ట్రాలీ ఇచ్చారమ్మా, నలుగురు తోసేవారు" అన్నారు.

వైట్‌హాల్ ఫ్లాగ్లర్ మూడో పెళ్ళాం మేరీ లిలీకి పెళ్ళి కానుక. రెండో ఆవిడ ఐడా ఆలిస్‌కి మతి చెడిందని డాక్టర్లు తేల్చి శానటోరియంలో పెట్టారు. నయం కాని పిచ్చి ఉంటే విడాకులు ఇవ్వొచ్చని 1901లో ఫ్లోరిడా శాసనసభ చట్టం చేసింది, ఆ ఏడాదే ఈయన విడాకులు తీసుకుని ఆగస్టులో మూడో పెళ్ళి చేసుకున్నాడు, 1905లో ఆ చట్టం తీసేశారు. ఇది చదివి వినిపిస్తే అమ్మ చేసిన పని, ఆ పాలరాతి మెట్ల మీద నుంచి గబగబా దిగిపోవడం. "ఆవిడేమైంది?" అని టాక్సీలో అడిగింది. 1930 దాకా బతికింది, శానటోరియంలోనే. "చూడవలసిన ఇల్లే" అంది కాసేపాగి, అది మెచ్చుకోలు కాదు. ఇంకో మాట, ఫ్లాగ్లర్ 1913లో పడిపోయింది కూడా ఆ ఇంట్లో మెట్ల మీదే. ఆ దెబ్బతోనే మే నెలలో పోయాడు. అమ్మకి ఇది చెప్పకుండా ఉండాల్సింది, మిగతా ట్రిప్ అంతా ఆ మెట్ల గురించే.

మయామీ గురించి ఎక్కువ రాయను. అప్పట్లో అక్కడ ఊరనేదే పెద్దగా లేదు. 1894, 95 చలికాలంలో మంచు పడి ఉత్తరాన నారింజ తోటలన్నీ పోతే, జూలియా టటిల్ అనే ఆవిడ మా దగ్గర ఏమీ పోలేదని ఫ్లాగ్లర్‌కి నారింజ పూలు పంపిందని అక్కడ అందరూ చెప్పే కథ. పూలతో పాటు తన భూమిలో వాటా ఇస్తానందన్నది కూడా చెప్పుకోవాలి, పూలకి ఎవరూ రైలు వేయరు. 1896 ఏప్రిల్‌లో రైలొచ్చింది, జులైలో ఊరు మునిసిపాలిటీ అయింది. మేం ఒక్క రాత్రి పడుకున్నాం. స్టేషన్‌కి నడిచే దూరంలో హోటల్, రేటు ఎక్కువ, గది చిన్నది, చెప్పుకోడానికేమీ లేదు. క్యూబా వాళ్ళ కాఫీ మాత్రం రోడ్డు పక్క కిటికీ దగ్గర నిలబడి తాగండి, చిన్న కప్పు, చిక్కటి డికాక్షన్, పంచదార దండిగా. నాన్న రెండు తాగారు. అన్నం, నల్ల బీన్స్ ఎక్కడైనా దొరుకుతాయి గానీ బీన్స్‌లో పంది మాంసం వేసి వండేవాళ్ళుంటారు, అడిగి తీసుకోవాలి.

మూడో రోజు అద్దె కారు తీసుకుని కీస్‌కి, అంటే ఫ్లోరిడా కొసన సముద్రంలో వరసగా ఉన్న దీవులకి, బయల్దేరాం. కారు కౌంటర్ దగ్గర టోల్ ట్యాగ్ గురించి అడిగితే "ఏం ఫర్వాలేదు, వాడుకుంటేనే పడుతుంది" అన్నాడు. దీని సంగతి చివర్లో.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. మయామీ నుంచి కీ వెస్ట్ రైలు దారి 156 మైళ్ళు, అందులో చాలా భాగం చిన్న చిన్న దీవులు, మధ్యలో సముద్రం. 1904లో అమెరికా పనామా కాలువ పని చేపట్టగానే ఫ్లాగ్లర్ లెక్క వేసుకున్నాడు, కాలువ దాటొచ్చే ఓడలకి దగ్గరి అమెరికా రేవు కీ వెస్ట్, అక్కడి నుంచి క్యూబా 90 మైళ్ళు. 1905లో పని మొదలు. అప్పటికి ఆయనకి 75 ఏళ్ళు. జనం దానికి ఫ్లాగ్లర్ పిచ్చి అని పేరు పెట్టారు. ఏకకాలంలో నాలుగు వేల మంది దాకా పనిచేశారు. దీవుల్లో తాగే నీళ్ళు లేవు, టాంకు బోగీల్లో తెచ్చుకోవాలి. దోమలు చెప్పక్కర్లేదు. 1906 అక్టోబరు తుపానులో లాంగ్ కీ దగ్గర పనివాళ్ళు పడుకునే పడవ ఇల్లు సముద్రంలోకి కొట్టుకుపోయి వంద మందికి పైగా పోయారు. న్యూయార్క్ నుంచి మాయమాటలు చెప్పి తెచ్చి కదలనివ్వకుండా పని చేయించుకున్నారని వెట్టి కేసు కూడా నడిచింది, 1908లో కొట్టేశారు. వైట్‌హాల్ పాలరాతిలో ఈ మాటలు కనిపించవు, అందుకే ముందే చదువుకుని వెళ్ళండి.

హైవే ఎక్కువ భాగం అటూ ఇటూ ఒక్కో లేన్, ముందు బోటు లాక్కెళ్ళే బండి దొరికిందా అంతే సంగతులు, తొందరపడి ఓవర్‌టేక్ చేయకండి. పక్కన చిన్న పచ్చ బోర్డుల మీద మైలు అంకెలు ఉంటాయి, కీ వెస్ట్ సున్నా. అక్కడ ఎవరిని అడ్రస్ అడిగినా ఆ అంకే చెప్తారు.

82వ మైలు దగ్గర ఇస్లమొరాడాలో ఆగాలి. ఫొటోలు దిగే చోటు కాదు, కారు పెట్టి ఐదు నిమిషాలు నిలబడే చోటు. 1935 సెప్టెంబరు 2 తుపానులో పోయినవాళ్ళ స్మారకం. గాలికి వంగిపోయిన కొబ్బరిచెట్లు రాతి మీద చెక్కారు, ముందు పలక కింద ఎందరివో అస్థికలు. నాలుగు వందల మందికి పైగా పోయారు, అందులో చాలామంది మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసొచ్చి, బతుకుదెరువు లేక అక్కడ రోడ్డు పనికి వచ్చిన పాత సైనికులు. వాళ్ళని తీసుకురావడానికి మయామీ నుంచి రైలు పంపారు. దారిలో పడవల కోసం వంతెన తెరిచి ఉండి ఆలస్యం, తిరుగు ప్రయాణానికి వీలుగా ఇంజన్‌ని హోమ్‌స్టెడ్‌లో అటు తిప్పుకుంటూ ఆలస్యం, విండ్లీ కీలో తెగి వేలాడుతున్న కేబుల్ తగులుకుని గంటకి పైగా ఆలస్యం. రాత్రి ఎనిమిది దాటాక ఇస్లమొరాడా చేరింది, కాసేపటికి అల వచ్చి బోగీలన్నిటినీ పట్టాల మీద నుంచి తోసేసింది. ఇంజన్ ఒక్కటీ నిలబడింది.

నాన్న టోపీ తీసి నిలబడ్డారు. తర్వాత కారులో చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ధనుష్కోడి గురించి చెప్పారు. 1964 డిసెంబరులో పాంబన్ దాటిన పాసింజరు బండి అలా సముద్రంలో కలిసిపోయింది. ఆ పాంబన్ వంతెన తెరిచింది 1914లో, అంటే ఈ లైనుకి రెండేళ్ళు చిన్నది. "అక్కడ శ్రీధరన్‌గారు 46 రోజుల్లో వంతెన నిలబెట్టారు. ఇక్కడ ఎందుకు నిలబెట్టలేదు?" అడిగారు మా ఆయన్ని. కంపెనీ 1931 నుంచే దివాళాలో ఉంది మావయ్యగారూ, మళ్ళీ వేయడానికి డబ్బు లేదు, దారినీ వంతెనల్నీ 6 లక్షల 40 వేల డాలర్లకి ప్రభుత్వానికి అమ్మేశారు, దాని మీదే ఈ రోడ్డు 1938లో తెరిచారు అని చెప్పారాయన. ఫ్లాగ్లర్ పెట్టింది రెండు కోట్ల డాలర్ల పైన. నాన్న కాసేపు లెక్క వేసుకుని, "అయితే అల్లుడుగారూ, మనం ఆ రైలు మీదే వెళ్తున్నాం" అన్నారు.

బస మారథాన్‌లో, 50వ మైలు దగ్గర, రెండు రాత్రులు. ఈ నిర్ణయం సరైందే, కీ వెస్ట్‌లో సగం కంటే తక్కువ సౌకర్యానికి రెట్టింపు అడుగుతున్నారు. కానీ మేం దిగిన మోటెల్ గురించి చెప్పాలి. రాత్రికి 260 డాలర్లు అని బుక్ చేస్తే, వెళ్ళాక రోజుకి 35 డాలర్ల రిసార్ట్ ఫీజు అన్నారు. రిసార్ట్ అంటే ఏంటని చూస్తే రెండు ప్లాస్టిక్ కుర్చీలు, రిపేరులో ఉన్నదని బోర్డు పెట్టిన స్విమ్మింగ్ పూలు. గదిలో చెమ్మ వాసన, ఏసీ మాత్రం రాజధాని ఎక్స్‌ప్రెస్ మన ప్లాట్‌ఫారం మీదుగా వెళ్తున్నట్టు మోత. అడిగితే గది మార్చారు, అది మెచ్చుకోవాలి. కిచెనెట్ ఉంది, అది ప్రాణం కాపాడింది. రాత్రి పప్పుచారు, అప్పడాలు, అరిసెలు. పెద్దవాళ్ళతో వెళ్తే వ్యూ లేకపోయినా ఫర్వాలేదు, స్టవ్ ఉన్న గదే తీసుకోండి. బుక్ చేసేటప్పుడు ఫీజులన్నీ కలిపిన మొత్తం ఎంతో అడగండి.

నాలుగో రోజు ఆదివారం, అసలు రోజు. నాలుగైదు రోజుల్లో జనవరి 22 వస్తుంది, 1912లో మొదటి రైలు కీ వెస్ట్ చేరిన తేదీ.

ఏడు మైళ్ళ వంతెన ఇప్పుడు రెండు. మీరు కారులో వెళ్ళేది 1982లో కట్టింది. దాని పక్కనే పాతది, మారథాన్ నుంచి పిజియన్ కీ అనే చిట్టి దీవి దాకా 2.2 మైళ్ళు బాగుచేసి 2022 జనవరిలో నడవడానికి, సైకిళ్ళకి తెరిచారు. బాగుచేయడానికి 4.4 కోట్ల డాలర్లు పెట్టారు. నడవడం ఉచితం. పొద్దున్నే వెళ్ళండి, పార్కింగ్ కొంచెమే, తొమ్మిది దాటితే దొరకదు. నీడ అనేది అస్సలు లేదు, నీళ్ళ సీసా, టోపీ తప్పనిసరి, గాలి మాత్రం టోపీని ఉంచనివ్వదు. పోను రాను నాలుగున్నర మైళ్ళు, నడవలేనివాళ్ళకి టికెట్ మీద పడవ ఉంది. అమ్మ, పాప, మా ఆయన పడవలో. నాన్న నడుస్తానన్నారు. డెబ్బై రెండేళ్ళు. నేను తోడు.

నలభై నిమిషాల్లో నడిచే దూరానికి మాకు గంట పట్టింది. ప్రతి చోటా ఆగి, కటకటాల మీద నుంచి కిందకి వంగి చూడటమే. కాంక్రీటు పియర్లు (స్తంభాలు), వాటి మీద ఉక్కు గర్డర్లు (దూలాలు). నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే పియరు అడుగు కనిపిస్తోంది. నీళ్ళలో మునిగే భాగానికి సిమెంటు జర్మనీ నుంచి తెప్పించారట, ఉప్పునీటిని తట్టుకుంటుందని. "మనకి గోదావరి వరద వస్తుంది, పోతుంది. ఇక్కడ ఉప్పు ఏడాది పొడుగునా కూర్చుని తింటుంది" అన్నారు. హేవలాక్ వంతెన గురించి చెప్పారు, ఆయన సర్వీసులో ఎక్కువ కాలం దాని మీదే. 1900లో తెరిచింది, 56 స్పాన్లు, రాతి పియర్లు. 1997లో రైళ్ళు ఆపేశారు. గ్యాంగ్‌మేన్‌లతో వేసవిలో మధ్యాహ్నం దాని మీద నడిస్తే పట్టాల వేడి బూట్లలోంచి తెలిసేదట, వెనక బండి వస్తే పక్కకి తప్పుకునే చోటు కోసం పరుగు. ఇవన్నీ నేను ఆయన కూతురినై ఇన్నేళ్ళలో వినలేదు. ఇంట్లో ఎప్పుడూ పింఛను, అరియర్సు, పాసులు, ఇవే మాటలు.

పిజియన్ కీలో ఒకప్పుడు నాలుగు వందల మంది పనివాళ్ళు ఉండేవారు, దీవి మొత్తం ఐదెకరాలు. అప్పటి చెక్క ఇళ్ళు కొన్ని నిలబడి ఉన్నాయి, ఒకదాంట్లో చిన్న మ్యూజియం. గైడ్ ఒక పెద్దాయన, వాలంటీరు. నాన్న ఆయన్ని నా ద్వారా అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడ కాషన్ ఆర్డర్ ఎంత ఉండేది?" అంటే బండి ఇంత వేగం దాటకూడదని ఇచ్చే ఆర్డరు. దీన్ని ఇంగ్లీషులో ఎలా అడగాలో నాకు తెలీదు, చేతులతో బండి నెమ్మదిగా వెళ్తున్నట్టు చూపిస్తే ఆయనకి అర్థమైపోయింది. వంతెనల మీద చాలా నెమ్మదిగా పోనిచ్చేవారు, గాలి మరీ ఎక్కువైతే బండి ఆపేసేవారు అని చెప్పారు. తర్వాత ఇద్దరూ నన్ను వదిలేసి, ఒకరి భాష ఒకరికి రాకుండానే పావుగంట మాట్లాడుకున్నారు. దీవి దాటాక మిగిలిన పాత వంతెన మూసేసి ఉంది, తుప్పు పట్టి, మధ్యలో తెగిపోయి. దాన్ని రోడ్డుగా మార్చినప్పుడు పీకిన రైలు పట్టాలనే పక్కన కమ్ములుగా కట్టారు. గైడ్ చెప్పేలోపే నాన్న చూపించారు, "అవి రైలు పట్టాలు, చూడు, తల భాగం ఎంత అరిగిందో".

టికెట్‌లో పడవ, గైడ్, మ్యూజియం అన్నీ ఉన్నాయి. దీవి మీద తినడానికేమీ పెద్దగా ఉండదు, మేం పులిహోర పట్టుకెళ్ళాం. కీస్ మొత్తంలో ఒక్క చోటే చూడాలంటే ఇదే, సగం రోజు ఇవ్వండి.

మధ్యాహ్నం 37వ మైలు, బహియా హోండా స్టేట్ పార్క్. కారుకి ఎనిమిది డాలర్లు, పైన మనిషికి అర డాలరు. కీస్‌లో చాలా చోట్ల బీచ్ అనేదే ఉండదు, అన్నీ రాళ్ళూ మడ చెట్లూ, ఇక్కడ మాత్రం మంచి ఇసుక. పాప నీళ్ళలోంచి రాలేదు. సెలవు రోజు జనం నిండితే గేటు మూసేస్తారు, మేం అరగంట లైన్లో ఉన్నాం. పాత రైలు వంతెన అక్కడ సముద్రంలో తెగి నిలబడి ఉంటుంది. నీళ్ళు లోతు కాబట్టి ఇక్కడ పెద్ద ట్రస్సులు (ఉక్కు చట్రాలు) కట్టారు, రైలు వాటి లోపల నుంచి వెళ్ళేది. తర్వాత రోడ్డు వేద్దామంటే లోపల రెండు బళ్ళకి వెడల్పు చాలలేదు, అందుకని రోడ్డుని ట్రస్సుల నెత్తి మీద వేశారు! ఈ తెలివి చూసి నాన్న పగలబడి నవ్వారు. "మా డివిజన్‌లో ఇలాంటి ప్రపోజల్ పెడితే చార్జిషీటు ఇచ్చేవాళ్ళు."

సాయంత్రం కీ వెస్ట్. సున్నా మైలు దగ్గర ఫొటో, దక్షిణ కొసకి గుర్తుగా పెట్టిన కాంక్రీటు బోయా దగ్గర క్యూ చూసి వెనక్కి (దూరం నుంచి తీసుకోండి, ఎవరికీ తేడా తెలీదు), రోడ్ల మీద కోళ్ళు మన ఊళ్ళోలాగే దర్జాగా తిరగడం, సూర్యాస్తమయానికి మలోరీ స్క్వేర్‌లో గారడీలు, నిమ్మకాయ పై అనే తీపి వంటకం. పార్కింగ్ గంటకి ఇంతని పీల్చేస్తారు. రాత్రి అయ్యేకొద్దీ తాగేవాళ్ళ సందడి, పెద్దవాళ్ళూ పిల్లలతో ఎనిమిదికల్లా బయటపడండి. రైలు స్టేషన్ ఉన్న ట్రంబో పాయింట్ ఇప్పుడు నేవీ వాళ్ళది, లోపలికి వెళ్ళనివ్వరు. స్టేషన్‌కి ఊళ్ళో నేల లేదని ఇంజనీరు అంటే, లేకపోతే తయారు చెయ్యమన్నాడట ఫ్లాగ్లర్, సముద్రం అడుగు తవ్వి పోసి నేల చేశారు. 82 ఏళ్ళ వయసులో ఆయన ఆ రైల్లో దిగేసరికి చూపు దాదాపు పోయింది. స్కూలు పిల్లలు పాడుతుంటే వినడమే. ఆ తర్వాత పదహారు నెలలు బతికాడు, లైను 23 ఏళ్ళు నడిచింది. పనామా ఓడలు అనుకున్నట్టు కీ వెస్ట్‌కి రానేలేదు.

తిరుగుదారిలో బిగ్ పైన్ దగ్గర రాత్రిపూట వేగం 35 దాటకండి, కుక్కంత జింకలు రోడ్డు మీదకి వస్తాయి. మాకు రెండు కనిపించాయి. పోలీసులు ఒకరు కనిపించారు.

ఐదో రోజు మయామీలో కారు ఇచ్చేసి రైల్లో ఇంటికి. మళ్ళీ వెళ్తే పామ్ బీచ్ మానేసి ఆ పూట లాంగ్ కీకి ఇస్తాను. 180 ఆర్చీల పాత వంతెన, ఫ్లాగ్లర్‌కి అన్నిటికంటే ఇష్టమైంది అదేనట, మేం కారులోంచే చూశాం. నాన్న దాన్ని ఇంకా గుర్తు చేస్తున్నారు.

టోల్ సంగతి: మూడు వారాల తర్వాత బిల్లొచ్చింది. వాడిన టోల్ పదకొండు డాలర్ల చిల్లర. దాని మీద "సౌకర్యం రుసుము" కారు మా దగ్గరున్న ప్రతి రోజుకీ, టోల్ లేని కీస్‌లో ఉన్న రోజులకి కూడా. ఫోన్ చేస్తే ఒకళ్ళు ఇంకొకళ్ళకి కలిపారు, నలభై నిమిషాలు. మన సొంత టోల్ ట్యాగ్ పట్టుకెళ్ళి, ఆ బండి నంబరు మన అకౌంట్‌లో ఎక్కించుకుంటే సరిపోయేదట. ఇది ముందు తెలిసి ఉంటే ఆ డబ్బుతో ఇంకో పూట పిజియన్ కీ పడవెక్కేవాళ్ళం.